డ్రాయింగు వెనకవైపు

మొన్న వేసవిలో, సీతాఫల్‌మండిలో లోకల్ రైలెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటోంది. అన్నీ పాత కాగితాలే, అన్నీ వెనకవైపే. ఉండబట్టలేక అడిగాను.

“ఏంటమ్మా అవి?”

“రైలింజన్ల డ్రాయింగులు అంకుల్. లాలాగూడ దిక్కు పాత వర్క్‌షాపులయి. సెలవుల్ల కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న.”

“మరి బొమ్మ వైపు తీయలేదా?”

“అది సుత తీసిన. కానీ ఏ డ్రాయింగు నిజంగ వాడిన్రో వెనకాల చూస్తెనే తెలుస్తది.”

నా ఒళ్లో ఉన్న పేపరు అడక్కుండానే తీసుకుని, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. బొటనవేళ్లు ముందు, మిగతా వేళ్లు వెనక.

“పని చేసేటోళ్లు గిట్ల పట్టుకుని చూస్తరు కదా. చేతులకు గ్రీజుంటది. వెనకాల వేళ్ల మరకలుంటే, దాన్ని చూసి ఇంజన్ చేసిన్రన్నట్టు. మరకల్లేకుంటే అది ఆఫీసులనే ఉండిపోయింది.”

పేపరు మడిచి ఇచ్చేసి మళ్లీ ఫోన్‌లో పడింది. నేను బేగంపేటలో ఆఫీసుకి దిగిపోయాను. ఆమె పేరైనా అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, హాల్లో గోడకున్న నా ఇంజినీరింగు పట్టాని దించి, ఫ్రేము విప్పి తిప్పి చూశాను. వెనకవైపు ఇంకా తెల్లగానే ఉంది.