నేను అనని ఆమెన్

మా ఆయన సైన్యంలో సుబేదారు. నిరుడు శాంతిదళంతో లెబనాన్ వెళ్లారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అక్కడి ఎండిపోయిన చపాతీల గురించీ, ఆరని బట్టల గురించీ సణిగేవారు. ఒకరోజు ఉదయం వాళ్ల క్యాంపు దగ్గర షెల్ పడిందని టీవీలో చెప్పారు. ఆయన ఫోన్ కలవలేదు.

గంటలో గుడివాడలోని మా ఇల్లు సంఘపు స్త్రీలతో నిండిపోయింది. అందరిలోకీ పెద్దావిడ మరియమ్మగారు నా తల మీద చెయ్యి వేసి, "ప్రభువా, దిక్కులేని ఈ బిడ్డను ఆదరించు తండ్రీ" అని ప్రార్థించారు. అందరూ "ఆమెన్" అన్నారు. నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"నేననను మరియమ్మగారూ! నేను దిక్కులేనిదాన్ని ఎప్పుడయ్యాను? ఆయన క్షేమంగా ఉండాలని మళ్లీ చెయ్యండి."

"ప్రార్థనకి కూడా వంకలేంటే!" అంటూనే ఆవిడ మళ్లీ మోకరించారు. ఈసారి వీధి చివరిదాకా వినిపించేలా ఆమెన్ అన్నాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. "పొద్దున్నుంచీ బంకర్లోనే ఉన్నాం. దండెం మీద బట్టలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి. మళ్లీ ఉతుక్కోవాలి."

"ఉతుక్కోండి" అన్నాను ఏడుస్తూ.

ఆయన తిరిగొచ్చేశారు. మరియమ్మగారు మాత్రం "నీకు దేవుడి దగ్గర కూడా తగువే" అంటుంటారు. అవునండీ, తగువే. బతికున్న మనిషిని ముందే పంపించేసే ప్రార్థనకి నేను ఇప్పటికీ ఆమెన్ అనను.