ఉమ్ సలాల్‌లో మా పాప చదివిన ఒక్క గంట

మా పాప సహస్ర బడిలో నోరు విప్పి ఏడాదిన్నర దాటింది. ఇంట్లో నాతోనూ వాళ్ళ నాన్నతోనూ బాగానే మాట్లాడుతుంది. బడి గేటు దాటిందంటే ఒక్క మాట రాదు. రెండో తరగతిలో ఒకసారి నిలబెట్టి చదివిస్తే తడబడింది, క్లాసంతా నవ్వింది, అప్పటినుంచీ ఇంతే. ఈ మార్చిలో టీచర్ నన్ను పిలిచి, వచ్చే ఏడు కూడా దాన్ని మూడో తరగతిలోనే ఉంచుతామన్నారు. "తోటివాళ్ళంతా పైకి వెళ్ళిపోయి ఇదొక్కతే చిన్నపిల్లల మధ్య మిగిలితే ఇంకా ముడుచుకుపోతుందండీ" అన్నాను.

మావారు ఇక్కడ ఖతార్‌లో ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. ఆఫీసులో ఎవరో ఆయనకు ఉమ్ సలాల్ వైపున్న ఒక ప్రభుత్వ బాలికల బడి గురించి చెప్పారు. అక్కడ వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కలిసి చదువుతారట. ఏ ప్రాంతంలో ఉన్నవాళ్ళయినా కావాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలను కూడా తీసుకుంటారు. ఫోన్ చేస్తే, మంగళవారం తొమ్మిదింటికి పాపను తీసుకురమ్మన్నారు. ఆ సంబరంలో వయసు సంగతి నేను అడగలేదు.

అల్ హిలాల్‌లో మా ఇంటినుంచి ఏడుంపావుకి బయలుదేరాం. మెట్రో రెడ్ లైన్‌లో ఖతార్ యూనివర్సిటీ స్టేషన్ దాకా మనిషికి రెండు రియాళ్ళు. అక్కడినుంచి ఉమ్ సలాల్ వైపు మెట్రో లేదు, టాక్సీకి ముప్పై దాకా అయింది. ఊరు దాటాక పొలాల గోడలు, వాటి మీదుగా దుమ్ముపట్టిన ఖర్జూరపు చెట్ల తలలు కనిపించాయి. పాప దారంతా నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

తరగతులు చూసే సల్మా టీచర్ జోర్డాన్ ఆవిడ. ఇంగ్లీషులో మెల్లగా పలకరించి, జవాబు రాకపోయినా పాప చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోమన్నారు. గదిలో బెంచీలు లేవు. చాపల మీద పిల్లలు గుంపులుగా ఉన్నారు, కొందరు అక్షరాలు దిద్దుతున్నారు, కొందరు కథలు రాస్తున్నారు. ముందుపళ్ళు ఊడిన ఒక చిన్నపిల్ల వచ్చి సహస్ర ఒళ్ళో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం పెట్టి, చదవమని వేలితో చూపించింది. మా పాప చుట్టూ చూసింది. ఎవరూ దాని వైపు చూడటం లేదు. చాలాసేపటికి పెదవులు కదిలాయి. తర్వాత గొంతు వినిపించింది. తడబడింది, ఆగింది, మళ్ళీ చదివింది. నేను ఏడుస్తున్నానని సల్మా టీచర్ టిష్యూ డబ్బా తెచ్చి ఇచ్చేదాకా నాకు తెలియలేదు.

గంట తర్వాత బయటికొచ్చి, "అమ్మా, మిగతా కథ రేపు చదువుతానని ఆ పాపకి చెప్పా" అంది.

బడి ఆఫీసులో దాని గుర్తింపు కార్డు చూసి సల్మా టీచర్ ఆగిపోయారు. ఆ గది ఆరునుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకు. సహస్రకు ఫిబ్రవరిలో తొమ్మిది నిండాయి. పై విభాగంలో పాఠాలు సగం అరబిక్‌లో ఉంటాయి, అది చదవడం రానివాళ్ళను తీసుకోరు.

"ఒక్క ఏడాది ఇక్కడ కూర్చోనివ్వండి మేడమ్. మీరే చూశారుగా" అన్నాను.

"చూశాను. అందుకే చెప్పడం నాకూ కష్టంగా ఉంది. ఇది నా చేతిలో లేదు" అన్నారావిడ. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు నాకు.

గేటు బయట టాక్సీలు లేవు. కారు తుడుస్తున్న ఒకాయన మా మాటలు విని, "తెలుగోళ్ళామ్మా? ఎండలో నిలబడినారే, ఈ నీడలోకి రాండి" అన్నాడు. పేరు బాబ్జాన్, రాయచోటి దగ్గర పల్లె. పక్క విల్లాలో హౌస్ డ్రైవర్. పాపకు నీళ్ళ సీసా ఇచ్చి, ఫోన్‌లో మాకు టాక్సీ పిలిచాడు.

"సీటు ఇచ్చినారా?"

"లేదన్నా. వయసు దాటిందంట."

"ఒకే గదిలో అందరినీ కూసోబెడతారంట కదా ఈడ. మా ఊరి బళ్ళో అంతేమ్మా, ఐదు తరగతులకూ ఒకే గది, ఒకే అయ్యవారు. పెద్దపిల్లోళ్ళే చిన్నోళ్ళకు చెప్తాంటిమి. నా బిడ్డ టైముకి పిల్లోళ్ళు లేరని దాన్నీ మూసేసినారు." గుడ్డ పిండి మళ్ళీ కారు తుడవసాగాడు.

టాక్సీలో సహస్ర, "రేపు ఎన్నింటికి బయల్దేరాలి?" అనడిగింది. స్టేషన్ వచ్చేదాకా చెప్పలేకపోయాను. చెప్పాక ఏడవలేదు. తల ఊపింది, బడిలో ఊపినట్టు.

ఇప్పటికి రెండు నెలలు. పాత బడిలో మూడో తరగతి మళ్ళీ చదువుతోంది. ఈ మధ్య ఇంట్లో కూడా మాటలు తగ్గాయి, ఏమడిగినా తలే ఊపుతోంది. వేరే బళ్ళకు ఫోన్ చేశాం, ఎక్కడా అలాంటి గది లేదు. ఆ గంట అసలు రాకపోయి ఉంటే బాగుండేదని కొన్ని రోజులు అనిపిస్తుంది. దానికి గొంతు ఉందని నాకు తెలిసింది, ఎక్కడ వస్తుందో దానికీ తెలిసింది. అక్కడికి మేం వెళ్ళలేం. ఈ తెలియడాన్ని ఏం చేసుకోవాలో మా ఇద్దరికీ తెలియడం లేదు.

మీలో ఎవరైనా ఇలాంటి బడి చూడటానికి వెళ్తుంటే, ముందే ఫోన్‌లో పాప పుట్టినతేదీ చెప్పి, సీటుకు అర్హత ఉందా అని అడగండి. చూడటానికి మొదట మీరొక్కరే వెళ్ళండి.