శ్రుతి చేసుకుంటేనే చప్పట్లా?

ఈ రోజు నిమ్మనపల్లె సర్కారు బడికి బెంగళూరు నుంచి నలుగురు సభ్యుల వయొలిన్ బృందం వచ్చింది, పిల్లలకు సంగీతం పరిచయం చేయడానికి. ఏళ్ల తరబడి అదే బడిలో సమానత్వం గురించి ప్రసంగిస్తున్న నన్ను వందన సమర్పణకు పిలిచారు. ఒక్క పూట వాయించి పోతే చాలా, ప్రతి సర్కారు బడికీ సంగీతం టీచరు అక్కర్లేదా అని నిలదీయడానికే వెళ్లాను.

వాళ్లింకా మొదలే పెట్టలేదు. తీగలు బిగించి శ్రుతి చూసుకుంటున్నారంతే. పిల్లలు అదే పాటనుకుని చప్పట్లతో హోరెత్తించారు! నాకు కడుపు మండిపోయింది. పక్కనున్న ఎనిమిదో తరగతి అమ్మాయిని ఉండబట్టలేక అడిగాను.

"ఏమ్మా, నేను మాట్లాడినప్పుడు యాపొద్దన్నా ఇట్ల కొట్టినారా?"

"యాల కొట్టలేదు సార్? మేడమ్ కొట్టమన్నప్పుడంతా కొడతానే ఉండాము కదా!"

చివర్లో, కచేరీ ముగించి వాళ్లు వాయిద్యాలు పెట్టెల్లో సర్దేశాక, మైకు నా చేతికొచ్చింది. టీచరు పోస్టు సంగతి గట్టిగానే అడిగాను. ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మోగాయి. పొంగిపోయి వెనక్కి తిరిగితే, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్‌ను మళ్లీ పెట్టెలోంచి తీస్తున్నారు.

అయినా నా డిమాండు న్యాయమైనదే. కాదనేవాళ్లు కింద రాయండి, తేల్చుకుందాం.