మైలకొట్టు

మా పాలెంలో మగవాళ్ళకి రెండు ఇళ్ళుండేవి. ఒకటి పెళ్ళాం పిల్లలుండేది, రెండోది సరుగుడు తోపు పక్కనున్న పాత కల్లుకొట్టు. పెళ్ళాంతో మాటామాటా వచ్చినవాడు నేరుగా అక్కడికే పోయేవాడు కాబట్టి ఆడవాళ్ళు దానికి 'మగాళ్ళ పుట్టిల్లు' అని పేరు పెట్టారు. "మీ ఆయన ఏడే?" అంటే, "పుట్టింటికి పోయినాడు, సారె పెట్టి పంపిస్తార్లే" అని నవ్వుకునేవాళ్ళు. మద్యనిషేధం వచ్చి కల్లు ఆగిపోయినా ఆ పేరు పోలేదు, తాగుడూ పోలేదు. ముందు గదిలో టీ అమ్మేవాళ్ళు, వెనక గదిలో నాటుసారా.

కొట్టు నడిపేవాడు మా పాలెం మనిషే. వాడికి ఒక తెప్ప కూడా ఉండేది. తెల్లవారుతూనే సముద్రం మీదికి పోయి, మధ్యాహ్నం నుంచి సారా అమ్మేవాడు. మా నాయనను అన్నా అనేవాడు, అమ్మను వదినా అనేవాడు. ఆ వరసలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాడి సారా తాగి మా చిన్నాయనకు చూపు పోయింది. నాయన నలుగురిలో నిలబడి, కొట్టు మూయించకపోతే తానే ఠాణాకు పోయి చెప్తానన్నాడు. పెద్దలు గొంతు సవరించుకున్నారే గానీ మాట్లాడలేదు. వాళ్ళ సాయంత్రాలన్నీ అక్కడే గడిచేవి మరి. ఒక మధ్యాహ్నం నాయన అన్నంత పనీ చేసి ఠాణాకు బయలుదేరాడు. ఆ రాత్రి ఇంటికి రాలేదు. పొద్దుపోయి ఎవరింట్లోనో పడుకుని ఉంటాడనుకుంది అమ్మ.

మా కట్టుబాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. పాలెంలో ఎవరు చచ్చినా, శవాన్ని సాగనంపిందాకా ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దిగకూడదు. తెలిసీ దిగితే గంగమ్మ దాన్ని తిరిగి రానివ్వదని నమ్మకం. పోలీసుల్ని లెక్కచేయనివాడు కూడా దీనికి భయపడేవాడు.

మర్నాడు పొద్దున తెప్పలన్నీ పోయాయి. ఒక్కటి మాత్రం పొడి ఇసకలో పడి ఉంది. అది కొట్టువాడిది. వాడు దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. గంప పట్టుకుని ఒడ్డుకు వచ్చిన అమ్మ వాణ్ణి చూసి ఎగతాళి చేసింది. నేను ఆమె వెంటే ఉన్నాను.

"ఏంది, దొరగారు ఇంకా దిగలా? గంగమ్మ కబురు పెట్టలేదా?"

"జొరంగా ఉండాది వదినా," అన్నాడు. తల ఎత్తలేదు.

పొద్దెక్కాక, పుల్లలేరుకునే ఆడవాళ్ళు కొట్టు వెనక తోపులో నాయనను చూశారు. తల పగిలి పడి ఉన్నాడు. అందరూ గుండెలు బాదుకుంటుంటే అమ్మ మాత్రం ఏడవలేదు. వెనక్కి తిరిగి ఒడ్డువైపు చూసింది.

"ఊళ్ళో చావు ఉండాదని వాడికి తెల్లారకముందే ఎట్టా తెలిసింది?" అంది.

అక్కడున్న అందరికీ అర్థమైంది. మనిషిని చంపడానికి జంకనివాడు కట్టుబాటు తప్పడానికి జంకాడు. ఇనస్పెక్టరు వచ్చినప్పుడు అమ్మ ఇదే మాట చెప్పింది. ఆయన నవ్వాడు. తెప్ప దించకపోవడం సాక్ష్యం ఎట్టా అవుతుందమ్మా, జ్వరం ఎవరికైనా వస్తుంది, అన్నాడు. పెద్దలు మాకేమీ తెలియదన్నారు. తెలియకపోవడం ఏమిటి, వాళ్ళ మొహాలు మండ. కేసు అంతటితో మూతపడింది.

కర్మ అయిన మర్నాడు, తెప్పలు దించే వేళకు అమ్మ జుట్టు విరబోసుకుని వాడి తెప్ప ముందు కూర్చుంది. శవం ఇంట్లో ఉన్నట్టే శోకం ఎత్తుకుంది. వాడితో పోవాల్సిన మనుషులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెద్దలు వచ్చి, ఇదేం అరిష్టం అని కసిరారు.

"మా ఇంట్లో చావు ఇంకా తీరలా," అంది అమ్మ. "చంపినోడు ఒప్పుకునిందాకా మైలే. మీ తెప్పలకు నేను అడ్డం రాను. ఈ తెప్పకే అంటుకొనుండాది మైల. కాదనేవాడుంటే ఎక్కి పొండి, చూస్తా."

ఒక్కడూ ఎక్కలేదు. ఆమె తప్పు చేస్తోందని అనడానికి పెద్దలకు నోరు రాలేదు, కట్టుబాటు వాళ్ళదే కదా.

వాడి మనుషులు ఒక్కొక్కరే వేరే తెప్పలకు పోయారు. వాడు ఆ తెప్ప అమ్మి ఇంకోటి కొన్నాడు. అమ్మ దాని ముందుకు జరిగి కూర్చుంది. పక్క పాలేల నుంచి మనుషుల్ని తెచ్చుకున్నాడు. వాళ్ళూ శోకం విని వెనక్కి పోయారు. ఏడ్చి సాధించడం అంటారే, అది నేను కళ్ళారా చూశాను. ఆ ఏడుపు అయ్యాక అమ్మ మొహం కడుక్కుని, గంప ఎత్తుకుని, వాకాడు వైపు చేపలమ్మడానికి పోయేది.

కొట్టును ఎవరైనా పుట్టిల్లు అంటే ఊరుకునేది కాదు. "మైలకొట్టు అను," అనేది. ఆడవాళ్ళందరికీ ఆ మాట అలవాటైంది. అటునుంచి వచ్చిన మగణ్ణి తలమీద నీళ్ళు పోసుకుంటేగానీ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. మంచు కురిసే రోజుల్లో అట్లా రెండుసార్లు వణికినవాడు మూడోసారి అటు పోలేదు. తరవాత మాకు బస్సు వచ్చింది. కండక్టరు కూడా "మైలకొట్టు దిగాల" అనే కేకేసేవాడు. ఆ కేక నా చెవికి ఇంపుగా ఉండేది.

అరవైలు ముగిసే వేళకు మద్యనిషేధం ఎత్తేశారు. వాడు కొట్టుకు సున్నం కొట్టించి, బోర్డు పెట్టి, మళ్ళీ తెరిచాడు. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. అప్పుడు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. నేను అప్పటికి పెళ్ళీడుకొచ్చాను.

"కొట్టు పోతే పోయింది వదినా. ఒక్కసారి నన్ను నీళ్ళలోకి పోనీ. ఒడ్డున కూర్చోలేక చస్తా ఉండా."

అమ్మ చేపలు తోముతూనే ఉంది. "నలుగురిలోకొచ్చి, ఆ పొద్దు తెప్ప ఎందుకు దించలేదో చెప్పు. నీ తెప్పకు నేనే పసుపు రాసి తోస్తా."

"చెప్తే ఉరేస్తారు గదా వదినా," అన్నాడు.

అమ్మ చేతిలో చేప ఆగిపోయింది. ఇన్నేళ్ళకు వాడి నోటినుంచే వచ్చింది. నోరు జారిందని వాడికి కూడా తెలిసి, గబగబా లేచి పోయాడు.

నేను ఆగలేకపోయాను. "ఇద్దరం విన్నాం గదా అమ్మా, ఠాణాకు పోదాం పద," అన్నాను.

"వాళ్ళు ఒక్కసారే ఉరేస్తారు," అంది అమ్మ. "నాకు చాలదు."

మర్నాడు వాడు కొత్త మనుషులతో తెప్ప దగ్గరికి పోయాడని కబురొచ్చింది. అమ్మ జుట్టు విరబోసుకుని బయలుదేరింది. ఈసారి నేనూ జడ విప్పుకుని ఆమె వెంట పోయాను.