రాజన్న బగ్గీకి ఏ పైపు?

1996. చంద్రపూర్‌లో నాది మోపెడ్లు బాగుచేసే దుకాణం. రేడియో రిమోట్‌తో నడిచే బుల్లి రేసు కార్లకు, అంటే బగ్గీలకు, నైట్రో ఇంధనంతో తిరిగే చిన్న ఇంజన్ ఎంచాలంటే నాగపూర్ నుంచి కూడా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నలభై బగ్గీలకు బిగించాను. సరే, నలభై కాదు. ఒక్కటే. అది రాజన్నది.

రాజన్న బొగ్గు గనిలో డంపర్ లారీ డ్రైవర్. వానాకాలపు బురదలో డంపర్ బోల్తాపడి నడుము కింద చచ్చుబడింది. ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గని ఇంజనీర్లు ఐదుగురు ఆదివారాలు మట్టి మైదానంలో బగ్గీ రేసులు పెట్టుకునేవారు. వారిలో ఒకాయన బదిలీ మీద పోతూ తన బగ్గీని, రెండు ఇంజన్లను, రెండు పొగ పైపులను రాజన్నకు ఇచ్చాడు.

రాజన్న భార్య లక్ష్మి ఆ పెట్టె తెచ్చింది. "అన్నా, దీన్ని జూసి మంచంల లేసి కూసున్నడు. జల్ది చెయ్యి."

ఇంజన్లు రెండూ మూడున్నర సీసీవే. ఒకటి నున్నటి రోడ్డు రేసులది, రెండోది మట్టిలో నెమ్మదిగానైనా బలంగా లాగేది. ట్యూన్డ్ పైప్ అంటే పొట్ట ఉబ్బిన సైలెన్సర్. పొట్టిదైతే ఎక్కువ వేగం, పొడుగుదైతే తక్కువ వేగంలోనే బలమైన లాగుడు. ఇంత తెలిసినట్టు రాస్తున్నాను గానీ, ఆ రోజు ఏది గట్టిగా అరుస్తుందో చూసి, రోడ్డు ఇంజన్‌కు పొట్టి పైపు బిగించాను. నలభై బగ్గీలకు బిగించిన చెయ్యి ఇది అని రాజన్నకు చెప్పాను కూడా.

మైదానంలో బగ్గీ మలుపు దగ్గర మూలిగింది, ఆగింది, ఒక్కసారిగా ఎగిరి బోర్లా పడింది. చక్రాల కుర్చీలో రాజన్న రిమోట్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా డంపర్ గిట్లనే పడ్డది. ఇంటికి తీస్కపో, లక్ష్మీ."

రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు పెట్టె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"రాజన్నా, నాకు గీ ఇంజన్ల సంగతి తెల్వది. మోపెడ్ సైలెన్సర్లు కడిగేటోణ్ణి."

గోడవైపు నుంచే అన్నాడు. "గది నాకు మొదటి రోజే తెల్సింది, మేస్త్రీ. నీ మొకం జూస్తె."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు గంత మంచిగ కోతలు కోస్తుంటివి, ఆపబుద్ధి గాలె."

లక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. అతను మెల్లగా ఇటు తిరిగాడు. "నిండు బండి గుట్ట ఎక్కాలంటే ఏది లాగుతది?"

మట్టి ఇంజన్, పొడుగు పైపు చూపించాను. వాకిట్లోనే స్టార్ట్ చేశాం. కళ్లు మూసుకుని విన్నాడు. "ఆఁ, గిది దమ్మున్నది. పెట్టు."

ఆదివారం రాజన్న మొదట వచ్చాడని రాయబోయాను. ఐదుగురిలో నాలుగోవాడు. కానీ మలుపులో థ్రాటిల్ వదిలి మళ్లీ ఇచ్చేటప్పుడల్లా అతని భుజం డంపర్ సీట్లో ఉన్నట్టే ఎడమకు వాలేది. లక్ష్మి బగ్గీని చూడలేదు, ఆ భుజాన్నే చూసింది.

బండి మీద చెయ్యి వేసేముందు, దాన్ని నడిపే మనిషి ఇదివరకు ఏం నడిపాడో అడగాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాను. ప్రతి ఒక్కరినీ కాదులెండి, తొందర లేనప్పుడు.