టూలెట్ బోర్డు, మామిడికాయల బుట్ట

మామిడి సొన చేతికి అంటితే సబ్బుతో ఎంత తోమినా ఆ ఘాటు పోదు. నిన్న పొద్దున అలాంటి చేతులతోనే ఫోన్ తీశాను. కాలనీ గ్రూపులో వెనకింటి ప్రసాదుగారి మెసేజ్: "పై పోర్షన్ ఖాళీ. ఫ్యామిలీకి మాత్రమే. మనవాళ్లయితే మంచిది." దాని కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరండీ ఈ మనవాళ్లు? సువార్తమ్మ టీచరు బతికుంటే ఈ మాట రాయడానికి ఆయనకి చెయ్యి వచ్చేదా?

నూజివీడు శివార్లలో, ఒకప్పటి మామిడితోటలో వేసిన కాలనీ మాది. ప్లాటుకో చెట్టు మిగిల్చి ఇళ్లు కట్టుకున్నారు. నేను కోడలిగా వచ్చేటప్పటికే అందరూ కుదురుకున్న సంసారాలు. ఊరెళితే తాళంచెవి పక్కింట్లో ఇచ్చేవాళ్లం. గోడ మీదుగా వెళ్లిన కూరగిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. ఇదంతా అబద్ధమని అనను. కానీ గేటు బయట కొత్త మనిషి నిలబడితే చాలు, ఇంత మంచివాళ్లమూ ఒకే పాఠం అప్పజెప్పేవాళ్లం. కులమేంటని మాత్రం అడగం, చదువుకున్నవాళ్లం కదా! ఇంటిపేరేంటండీ, సొంతూరెక్కడ, నాన్‌వెజ్ వండుతారా, ఆదివారం ఎక్కడికి వెళతారు అని అడుగుతాం. అడిగే మా ఇంట్లో వారానికి రెండుసార్లు కోడికూర.

సువార్తమ్మ టీచరుది మా ఎదురిల్లు. రిటైరయ్యాక ఒంటరిగా ఉండేవారు. ఆవకాయ ముక్కలు కొట్టే పెద్ద కత్తిపీట వీధి మొత్తానికి ఆవిడ దగ్గరే ఉండేది. మే నెలలో కడిగి తుడిచిన కాయల బుట్టలు పొద్దున్నే ఆవిడ వరండాకి చేరేవి. మొదటి ఏడాది నేను కాయని అడ్డదిడ్డంగా పెడితే చెయ్యి పట్టుకుని సరిచేశారు. "టెంక ఎక్కడుందో వేలికి తెలియాలమ్మాయ్. తొందరపడితే ఊడిపోద్ది" అన్నారు. ముక్కముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ముక్క గట్టిగా నిలవదు. ఆ పని నాకు నేర్పింది ఆవిడే. మా అత్తగారు ఆ వరండాలో గంటలు గంటలు కూర్చునేవారు, మంచినీళ్లు మాత్రం ఇంటికొచ్చి తాగేవారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, అప్పట్లో నాకది వింతగా కూడా తోచలేదు.

ఒక ఏడాది మా పై పోర్షన్ ఖాళీ అయింది. గేటుకి టూలెట్ బోర్డు కట్టాం. కుమారి అనే ఆవిడ వచ్చింది. ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. ముసునూరు నుంచి రోజూ బస్సులో తిరగలేకపోతున్నానని, బడి తెరిచేలోగా ఇల్లు దొరక్కపోతే పదో తరగతికొచ్చిన కూతుర్ని హాస్టల్లో వెయ్యాల్సి వస్తుందని చెప్పింది. అత్తగారు వరసగా మా ప్రశ్నలన్నీ అడిగారు. ఆదివారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చర్చి పేరు చెప్పింది. అత్తగారు నావంక చూశారు. నేనే అందుకున్నాను. నిన్ననే ఇచ్చేశామండీ, బోర్డు తియ్యడం మర్చిపోయాం అని ఆవిడ ముందే బోర్డు విప్పాను. ఆవిడ మలుపు దాకా వెళ్లాక మళ్లీ కట్టాను.

నాలుగు రోజులకి ఆవకాయ పని. మా బుట్ట అందరికంటే ముందు పెట్టాం. టీచరు దాన్ని పక్కకి జరిపి వెనకది అందుకున్నారు. ఆ తర్వాతది, ఆ తర్వాతది. మధ్యాహ్నమైనా మా వంతు రాలేదు. ఇంట్లో ఆవపిండి, కారం సిద్ధంగా ఉన్నాయి. చెట్టు దిగిన కాయ మర్నాటికి ఆగదు. ఉండబట్టలేక అడిగాను.

"ఇల్లు ఇచ్చేశామన్నావంట. ఎవరికిచ్చావో చెప్పమ్మాయ్, కొడతాను."

మా ఇల్లు మా ఇష్టమన్నారు అత్తగారు, మొహం ఎర్రగా చేసుకుని. టీచరు గొంతు పెంచలేదు.

"మీ ఇష్టమేనండీ. ఈ కత్తిపీట నా ఇష్టం. ఈ కాలనీలో అద్దెకి ఆరిళ్లు అడిగాను నేను. ఒక్కరూ ఇవ్వలేదు. అందుకే తిప్పలుపడి స్థలం కొనుక్కున్నా. ఇవ్వనివాళ్లందరికీ ఇన్నేళ్లుగా ముక్కలు కొడుతున్నా."

చుట్టూ చూశాను. కొట్టించుకున్న ముక్కలు ఒళ్లో పెట్టుకుని అందరూ తలలు దించుకున్నారు. నలుగురిలో పరువు తీసిందని నాకు ఆవిడ మీదే కోపమొచ్చింది. ఆ కోపం రోడ్డు దాటేదాకా కూడా నిలవలేదు. మా గేటుకి ఆ బోర్డు వేలాడుతోంది, నేను కట్టిన ముడితో సహా.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి కుమారికి చెప్పాను, అబద్ధమాడానండీ, ఇల్లు ఖాళీగానే ఉంది అని.

"తెలుసండి" అంది. "మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను."

అయినా వచ్చింది. కూతురు హాస్టలుకి వెళ్లలేదు. అత్తగారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఈలోగా కాయలు బుట్టలోనే మెత్తబడ్డాయి, ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ లేదు. కుమారి మా మామగారికి సేవ చేసిందనో, అత్తగారి ప్రాణం కాపాడిందనో చెప్పి ఈ కథని తియ్యగా ముగించను. ఆవిడ అలాంటివేమీ చెయ్యలేదు. అందరిలాగే అద్దె ఇచ్చింది, ఉంది. దేవతనని నిరూపించుకుంటేనే మనిషికి ఇల్లివ్వాలా?

టీచరు పోయే ముందు కత్తిపీట నాకిచ్చారు. ఇప్పుడు బుట్టలు మా వరండాకి వస్తున్నాయి. ఈ పొద్దున ప్రసాదుగారి భార్య కూడా రెండు డజన్ల కాయలు తెచ్చారు, నిగనిగలాడే చిన్నరసాలు. బుట్ట పక్కకి జరిపాను.

"మనవాళ్లంటే ఎవరో చెప్పండి వదినగారూ, కొడతాను."

ఆవిడ ఇంకా వరండాలోనే కూర్చుని ఉన్నారు. కాయలు రేపటిదాకా ఆగవు.