సాయిబు మామ చెప్పే ధర

నరసరావుపేటలో పాత కారు ఎవరు కొన్నా, మా వీధి మెకానిక్ సాయిబు మామే ధర చెప్పాలి. బానెట్‌ను వేలితో తట్టి, చెవి ఆనించి చెప్పేవాడు. ఏం వినేవాడో దేవుడికే తెలియాలి!

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా బాబాయి, పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు దెబ్బలకు తాళలేక, చేయని టైరు దొంగతనం ఒప్పుకున్నాడు. మర్నాడే ఆ ఇన్‌స్పెక్టరు కారు బేరానికొచ్చాడు. మామ ధర చెప్పగానే బానెట్ మీద లాఠీతో ఠంగుమని కొట్టి, "చానా ఎక్కువ! మళ్లీ చూసి చెప్పు," అన్నాడు.

మామ మళ్లీ చెవి ఆనించాడు.

"తగ్గుతానంటంది దొరా. దెబ్బలకు భయపడి చెప్తంది, నమ్మమాకండి."

ఇన్‌స్పెక్టరు ముఖం ముడిచి, ఆనక పకపకా నవ్వేశాడు.

సాయంత్రానికి బాబాయి ఇంటికొచ్చాడు. కారు ధర మాత్రం అణా కూడా తగ్గలేదు.